చింతపండు జాడీలో కమ్మలు: రెండుసార్లు రంగం (రంగూన్) వదిలిన ఒక పెద్దావిడ కేసు

2022 ఆగస్టులో, గోదారి వరద తీసిన మూడు వారాలకి, పి.గన్నవరం అవతల ఒక లంక నుంచి ఒక కుటుంబం అమలాపురంలోని నా క్లినిక్‌కి వచ్చింది. కొడుకు, కోడలు, వాళ్ళిద్దరి మధ్య చేయి పట్టుకుని నడిచి వచ్చిన 87 ఏళ్ల మామ్మగారు. కోడలు చెప్పిన మొదటి మాట ఇది: "అత్తయ్యగారు సాయంత్రం అయ్యేసరికి చెవి కమ్మలు తీసి చింతపండు జాడీలో పెట్టేస్తున్నారండి. మూడుసార్లు వెతుక్కున్నాం. నాలుగోసారి పులుసులో వచ్చాయి."

ఈ కేసు రాయడానికి కొడుకు, కోడలు ఒప్పుకున్నారు. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న రెండు మూడు వివరాలు మార్చాను. నేను మానసిక వైద్యం చేస్తాను. డెల్టాలో పెద్దవాళ్ళని చూసే డాక్టర్లకి, ఇంట్లో పెద్దవాళ్ళని చూసుకునే కోడళ్ళకి, కూతుళ్ళకి ఇది పనికొస్తుందని రాస్తున్నాను. ఈ కేసులో నేను మొదట పొరబడ్డాను. ఆ పొరపాటు ఇంకొకరు చేయకూడదు.

వరద తర్వాత మొదలైంది

ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ జూలైలో బ్యారేజీ నుంచి 25 లక్షలు దాటి వదిలారు. 1986లో 35 లక్షలు, 2006లో 28 లక్షలు దాటిన వరదల తర్వాత, లంకల్లోకి అంత నీరు రావడం అదే. మైకులో ఖాళీ చేయమని చెప్పారు. చీకటి పడుతుండగా మామ్మగారిని కుర్చీతో సహా ఎత్తి పడవలో కూర్చోబెట్టి ఏటిగట్టు మీదికి చేర్చారు. తర్వాత ఒక స్కూల్లో పెట్టిన పునరావాస కేంద్రంలో ఎనిమిది రోజులు ఉన్నారు.

అక్కడ రెండో రోజు నుంచే నిద్ర పోయింది. ఇంటికి వచ్చాక ఇంకా పెరిగింది. సాయంత్రం ఐదు దాటేసరికి పాత చీర పరిచి, దాంట్లో రెండు గుప్పెళ్ళ బియ్యం, ఒక గిన్నె, మనవరాలి ఫోటో పెట్టి మూట కట్టడం. "టికెట్లు తెచ్చాడా?" అని అడగడం. రాత్రి గుమ్మం దగ్గర మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం. కోడలు స్నానం చేయిద్దామని చీర కుచ్చిళ్ళ మీద చేయి వేస్తే గట్టిగా కేక. ఆ కేకలో ఏదో మాట ఉంది కానీ ఎవరికీ అర్థం కాలేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ నిద్ర బిళ్ళ ఇచ్చారు. దాంతో నిద్ర రాలేదు సరికదా, ఒక రాత్రి కాలు మడతపడి పడిపోయారు. అదృష్టం, ఎముక విరగలేదు.

అంతకుముందే రెండేళ్లుగా మతిమరుపు ఉందని విడిగా అడిగితే చెప్పారు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడం, చెప్పిందే చెప్పడం. ఇంట్లో దాన్ని వయసుకి వచ్చే చాదస్తం అనుకున్నారు.

ఒక పెద్ద మనిషి వారం పది రోజుల్లో ఇంతలా మారితే ముందు ఒంట్లో వెతకాలి, మనసు సంగతి తర్వాత. రక్తపరీక్షలో సోడియం 122, అంటే బాగా తక్కువ. మూత్రంలో ఇన్ఫెక్షన్. బీపీకి వాడుతున్న బిళ్ళలో నీరు లాగే మందు కలిసి ఉంది. వరద రోజుల్లో తిండి సరిగా లేదు. ఈ రెండూ కలిసి సోడియాన్ని పడగొట్టాయి. ఫిజీషియన్ దగ్గర చేర్పించి, బీపీ మందు మార్పించి, నెమ్మదిగా సోడియం సరిచేయించాం. నిద్ర బిళ్ళ మెల్లగా మాన్పించాం. పది రోజులకి పగటి పూట అయోమయం చాలావరకు తగ్గింది. మనుషుల్ని గుర్తుపడుతున్నారు, వేళకి అన్నం అడుగుతున్నారు. ఆ పది రోజుల పని చేయకుండా నేరుగా పిచ్చి మందు రాసి ఉంటే ఆవిడ ఈపాటికి మనకి ఉండేవారు కాదేమో.

కానీ సాయంత్రం మూట ఆగలేదు. కమ్మలు జాడీలోకి వెళ్ళడం ఆగలేదు. ఆ కేక ఆగలేదు.

అందరికీ తెలిసిన కథ

"మా అమ్మ రంగంలో పుట్టిందండి. బాంబులు పడితే నడిచి వచ్చేశారు" అన్నాడు కొడుకు. ఆయన వయసు 65. మన వైపు పాతవాళ్ళు రంగూన్‌ని రంగం అనే అంటారు. ఒకప్పుడు డెల్టాలో ప్రతి ఊరి నుంచీ ఎవరో ఒకరు రంగం వెళ్ళారు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన వాళ్ళు ఎందరంటే, బర్మా వాళ్ళు తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అనే పిలిచారు. 1937 దాకా బర్మా ఇండియాలో ఒక రాష్ట్రం కిందే ఉంది. పాస్‌పోర్టు అక్కర్లేదు, ఓడ టికెట్ ఉంటే చాలు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో నాలుగు లక్షల మంది ఉంటే అందులో సగానికి పైగా ఇండియా వాళ్ళు. తెలుగువాళ్ళు ఎక్కువమంది హార్బర్ కూలీలు, ధాన్యం మిల్లు కూలీలు, రిక్షా లాగేవాళ్ళు. మామ్మగారి తండ్రి ధాన్యం మిల్లులో పనిచేసేవాడు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న ఊరు జపాన్ చేతికి వెళ్ళింది. ఆ మధ్యలో, ఆ తర్వాత నాలుగు లక్షల మందికి పైగా ఇండియా వైపు కదిలారు. ఓడల్లో చోటు తెల్లవాళ్ళకి, డబ్బున్న వాళ్ళకి దొరికింది. కూలీలకి మిగిలింది నడక. కొందరు టాము మీదుగా మణిపూర్ వైపు, ఆఖర్న బయల్దేరిన వాళ్ళు హుకాంగ్ లోయ మీదుగా అస్సాం వైపు నడిచారు. మామ్మగారి కుటుంబం ప్రోమ్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి అరకాన్ కొండలు దాటి టౌంగుప్ చేరి, పడవ మీద అక్యాబ్, అక్కడి నుంచి చిట్టగాంగ్, కలకత్తా వచ్చింది. కలరా ఆ దారి పొడుగునా ఉంది. ఎంతమంది పోయారో ఎవరూ లెక్కపెట్టలేదు. వేలల్లో పోయారు.

తెలుగులో వాళ్ళని బర్మా కాందిశీకులు అన్నారు. మా తాతగారి నోట చిన్నప్పుడు విన్న మాట ఇది. కాం దిశం, అంటే "ఏ దిక్కుకి పోను" అనుకుంటూ పరుగెత్తేవాడు కాందిశీకుడు. శరణార్థికి శరణు దొరుకుతుందన్న ఆశ ఆ మాటలోనే ఉంది. కాందిశీకుడికి అది కూడా లేదు.

ఏడేళ్ళ పిల్లగా సామర్లకోటలో రైలు దిగేసరికి ఇక్కడ కూడా జనం మూటలు కట్టుకుని పోతున్నారని మామ్మగారు ఎప్పుడూ చెప్పేవారట. ఆ ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. కోస్తా అంతా భయపడి లోపలి ఊళ్ళకి తరలింది. పారిపోయి వచ్చిన ఊరు కూడా పారిపోతోంది.

దారిలో ఆవిడ తమ్ముడు చనిపోయాడు, నాలుగేళ్ళవాడు. ఈ కథ ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తద్దినాల రోజున, పెళ్ళిళ్ళలో, కరెంటు పోయిన రాత్రుల్లో మామ్మగారే చెప్పేవారు. అందుకని కొడుక్కి, కోడలికి, నాకు కూడా అనుమానమే రాలేదు. వరద, మైకు, పడవ, మూట, అన్నీ అతికినట్టు సరిపోయాయి. 1942 తిరిగి వచ్చిందని కేస్ షీట్‌లో రాసుకున్నాను. మతిమరుపు జబ్బులో కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, పాతవి నిలబడతాయి. వాటిని అదుపులో పెట్టుకునే శక్తి మాత్రం తగ్గిపోతుంది. యుద్ధాలు చూసిన వాళ్ళలో ముసలితనంలో ఇలా పాత భయం లేవడం మా వైద్యంలో తెలిసిన సంగతే.

మూడో విజిట్‌లో, రోగి ప్రశాంతంగా ఉన్నప్పుడు, మెల్లగా అడిగాను: "దారిలో తమ్ముడు పోయాడంట కదా మామ్మగారూ?"

ఆవిడ చెప్పారు. కొండ మీద వెదురు తుంపులో నీళ్ళు అమ్మారని, వాళ్ళమ్మ తన చీర చెంగు చింపి పిల్లాడి మీద కప్పిందని, వెనక వస్తున్న వాళ్ళు "నడవండి నడవండి" అన్నారని. ఏడ్చారు. కళ్ళు తుడుచుకున్నారు. "కాసిన్ని మంచినీళ్ళు ఇప్పించు బాబూ" అన్నారు. నాడి చూస్తే 78. వరుస తప్పకుండా, మొదలు నుంచి చివరిదాకా, ఒక మనిషి తన దుఃఖం చెప్పుకున్నట్టే చెప్పారు.

అక్కడే నాకు అర్థం కావాల్సింది. మళ్ళీ జరుగుతున్నట్టు వచ్చి పడే జ్ఞాపకానికి వరుస ఉండదు, మాటలు ఉండవు, నాడి నెమ్మదిగా ఉండదు. 80 ఏళ్లుగా ఏడ్చి, చెప్పి, పంచుకున్న దుఃఖం ఇది. రాత్రి వస్తున్నది ఇది కాదు.

అంతలో మా నర్సు స్టెతస్కోపు కోసం వీపు మీద చీర సర్దబోయి, నడుం దగ్గర చేయి వేసింది. మామ్మగారు రెండు చేతులతో రొంటిని గట్టిగా పట్టుకుని గోడకి ఒదిగిపోయారు. "మ షీ బూ, మ షీ బూ" అన్నారు. నాడి 118. కళ్ళు నర్సు ముఖం మీద లేవు, ఆమె చేతుల మీద ఉన్నాయి.

ఆ మాట

నర్సుని బయటికి పంపి, కోడలిని పక్కన కూర్చోబెట్టి, పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా ఉన్నాం. ఆ తర్వాత కోడలు తన ఫోన్‌లో ఒక రాత్రి రికార్డు చేసింది వినిపించింది. అదే మాట.

విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేట ఉంది. 1960ల్లో బర్మా నుంచి వచ్చిన కుటుంబాల వల్ల వచ్చిన పేరు. అక్కడ ఒక పెద్దాయన నాకు తెలిసిన డాక్టర్‌కి పేషెంటు. ఇంట్లో వాళ్ళ అనుమతి తీసుకుని, ఎవరిదన్నది చెప్పకుండా, ఆ రికార్డు ఫోన్‌లో వినిపించాం. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నారు: "మ షీ బూ అంటే లేదు అని బాబూ. నా దగ్గర ఏమీ లేదు అని. రేవులో మేమందరం అన్న మాటే అది."

ఏడేళ్ళ పిల్ల అరకాన్ కొండల్లో ఎవరితోనూ ఆ మాట అనాల్సిన పని లేదు.

కొడుకుని మర్నాడు ఒక్కడినే రమ్మన్నాను. ఆయన చాలాసేపు గడియారం పట్టీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. వాళ్ళ రెండో ప్రయాణం గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు. భార్యకి కూడా "మా నాన్న బర్మాలో కొట్టు పెట్టాడు, మూసేసి వచ్చాం" అని మాత్రమే తెలుసు.

యుద్ధం అయ్యాక, 1946లో, మామ్మగారి తండ్రి కుటుంబాన్ని తీసుకుని మళ్ళీ రంగం వెళ్ళాడు. అలా చాలామంది వెళ్ళారు. పని అక్కడ ఉంది, సగం జీవితం అక్కడ ఉంది. వెళ్ళేసరికి బర్మా మారిపోయింది. యుద్ధానికి ముందే కోపాలు ఉన్నాయి. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ బదులు బర్మా కూలీల్ని పెట్టారు. సమ్మె తీరి తెలుగువాళ్ళని మళ్ళీ పిలిచి బర్మా వాళ్ళని పంపేశారు. అక్కడ మొదలైన గొడవలో వంద మందికి పైగా చనిపోయారు. ఇద్దరు పేదవాళ్ళని ఒకరి మీదికి ఒకరిని తోలి లాభం తీసుకున్నది ఓడ కంపెనీలకి సరుకెత్తించే కాంట్రాక్టర్లు. దాని బాకీ తరాల తరబడి కూలీల పిల్లలు కట్టారు. బర్మా రైతులు అప్పుల్లో భూములు పోగొట్టుకుని ఇండియా వాళ్ళందరినీ ఒకే కంటితో చూడటానికి వాళ్ళ కారణాలు వాళ్ళకి ఉన్నాయి. అది కూడా చెప్పాలి, లేకపోతే కథ ఒక పక్కకే ఒరుగుతుంది.

1942లో పారిపోయి తిరిగి వచ్చిన వాళ్ళు అక్కడ కుదురుకోకముందే దేశాలు వేరయ్యాయి. 1948లో బర్మాకి స్వాతంత్ర్యం వచ్చింది, పౌరసత్వ చట్టం వచ్చింది. ఆ కాగితాలు పెట్టుకోని వాళ్ళు, పెట్టుకున్నా రానివాళ్ళు విదేశీయుల రిజిస్ట్రేషన్ పుస్తకం పట్టుకుని బతికారు. మామ్మగారు పుట్టింది రంగూన్‌లో, పెళ్ళి రంగూన్‌లో, కొడుకు పుట్టింది రంగూన్‌లో. పుస్తకంలో విదేశీయురాలు.

1962 మార్చి 2న జనరల్ నే విన్ సైన్యంతో అధికారం తీసుకున్నాడు. 1964 మార్చిలో కొట్లు జాతీయం చేశారు. "చిన్న కొట్టండి మాది. పప్పులు, చింతపండు, ఎండుమిర్చి. ముగ్గురు వచ్చి సరుకు లెక్క రాసుకున్నారు. తాళంచెవి నాన్న చేత్తోనే ఇప్పించుకున్నారు" అన్నాడు కొడుకు. ఆ మే 17న 50, 100 చాట్ల (బర్మా డబ్బు) నోట్లు చెల్లవన్నారు. ఇంట్లో దాచుకున్నవి ఎక్కువ ఆ నోట్లే. ఆ ఏడాది నుంచి సుమారు మూడు లక్షల మంది ఇండియా వాళ్ళు బర్మా వదిలారు. మద్రాసుకి కొన్ని ఓడలు, విశాఖకి కొన్ని. చేతిలో కొద్దిపాటి సొమ్ము తప్ప ఏదీ తెచ్చుకోనివ్వలేదు.

వాళ్ళు 1965లో బయల్దేరారు. మామ్మగారికి 30, కొడుక్కి ఎనిమిది. ఆవిడ తన బంగారు కమ్మలు ఒక చింతపండు ఉండలో పెట్టి, పైన ఇంకో పొర చింతపండు అద్ది, దాన్ని తిండి సామాన్లలో పెట్టారు. రేవులో ఆడవాళ్ళని వేరే వరుసలో నిలబెట్టి సోదా చేశారు. కొడుకు తల్లి చేయి వదలకపోవడంతో వాడినీ ఆ వరుసలోనే ఉంచారు. ఆవిడ కొప్పు విప్పించారు. రొంటి విప్పించారు. చింతపండు ఉండ చిదిపి కమ్మలు తీసుకుని, చింతపండు కింద పడేశారు.

"అమ్మ 'మ షీ బూ' అంటూనే ఉంది సార్. కమ్మలు ఆ మనిషి చేతిలో కనపడుతున్నా సరే అంటూనే ఉంది. నాకు అప్పుడు అమ్మ అబద్ధం ఆడిందని సిగ్గేసింది." ఇంతవరకు చెప్పి ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు. 57 ఏళ్లు మోసిన మాట అది.

పునరావాస కేంద్రంలో ఏం జరిగిందో కోడలిని అప్పుడు మళ్ళీ అడిగాను. రెండో రోజు పొద్దున పేర్లు రాసుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. ఆధార్ కార్డు ఎక్కడుందంటే మామ్మగారికి వినపడలేదు. రొంటిన దోపుకున్న సంచిలో ఉంటుందేమోనని ఆ అమ్మాయే నవ్వుతూ చేయి పెట్టి తీయబోయింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, సాయం చేయడానికే చేసింది. వరుసలో నిలబెట్టడం, కాగితం అడగడం, ఎవరిదో చేయి రొంటి మీదికి రావడం. మామ్మగారికి అది చాలు.

ప్రాణభయంతో పరుగెత్తిన దాన్ని ఆవిడ కథగా చెప్పుకోగలిగారు, ఎందుకంటే వినేవాళ్ళు జాలిపడతారు. బట్టలు విప్పించి, దొంగని చేసి పంపించేసిన దాన్ని ఎవరికి చెప్పుకుంటారు? తరిమేయబడిన కుటుంబాల్లో ఇలా చెప్పని ముక్క ఒకటి ఉంటుందని నేను ఈ కేసు తర్వాత నమ్ముతున్నాను. వైద్యుడు అడగాల్సింది దాని గురించి. ఒంటరిగా, తొందర లేకుండా, ఇంటివాళ్ళు గర్వంగా చెప్పే కథ అయిపోయాక.

ఏం చేశాం

మందుల సంగతి క్లుప్తంగా. ఇలాంటి భయానికి మామూలుగా సెర్ట్రలిన్ లాంటిది ఆలోచిస్తాం, కానీ అది సోడియం పడగొట్టగలదు. ఈవిడకి ఆ ప్రమాదం వద్దనుకున్నాను. మొదట్లో, 1942 అనుకున్న రోజుల్లో, క్వెటియాపిన్ అనే పిచ్చి మందు చాలా తక్కువ మోతాదులో తొమ్మిది రాత్రులు ఇచ్చి ఆపేశాను. పగలంతా మత్తు, నడకలో ఒక పక్కకి ఒరగడం. తర్వాత మిర్టాజపిన్ 7.5 మి.గ్రా. రాత్రికి పెట్టాం, నిద్రా ఆకలీ రెండూ మెరుగయ్యాయి. ఈసీజీ చూసి, మతిమరుపుకి ఇచ్చే డొనెపెజిల్ 5 మి.గ్రా. మొదలుపెట్టాం, పెంచలేదు. చలికాలంలో ఒక కంటికి శుక్లం తీయించారు. మసకచీకట్లో ఎవరు వస్తున్నారో కనపడటం ఆవిడకి ఏ మందుకన్నా తక్కువ కాదు.

అసలు మార్పు ఇంట్లో జరిగింది. రొంటి జోలికి ఎవరూ వెళ్ళకూడదు. స్నానానికి ముందు కోడలు ఖాళీ చేతులు ముందుకి చాపి చూపించి, "అత్తయ్యగారూ, మీ సంచి మీ దగ్గరే పెట్టుకోండి, నేను నీళ్ళు పోస్తాను" అంటుంది. సంచి ఆవిడ చేతిలో ఉండగానే స్నానం అవుతుంది. సంచి తడిసిపోతుందని కోడలు ప్లాస్టిక్ కవర్‌లో మరో సంచి కుట్టింది. ఆ ఆలోచన నాది కాదు, ఆమెదే.

మూట విప్పడం మానేయమన్నాను. "టికెట్లు తెచ్చాడా?" అంటే "ఎక్కడికత్తయ్యా, ఇది మనిల్లే కదా" అని వాదించేవారు. ప్రతి వాదనా రాత్రి రెండింటి దాకా సాగేది. ఇప్పుడు కొడుకు వచ్చి పక్కన కూర్చుని, "అన్నీ సర్దాను అమ్మా, పొద్దున్న చూద్దాం" అంటాడు. కమ్మలకి బదులు రాగివి ఒక జత కొన్నారు. అవి జాడీలోకి వెళితే వెళ్ళనిస్తారు. ఉదయం కోడలు వాటిని కడిగి, ఆవిడ చేతిలోనే పెట్టి, "ఇవిగో, మీవే" అంటుంది. ఈ పని రోజూ జరగాలని గట్టిగా చెప్పాను. ఆ రేవులో తీసుకున్నవి తిరిగి చేతికి రావడం ఆవిడకి ఒక్కసారి చాలదు.

సాయంత్రం ఐదింటి వేళకి ఏదో పని కావాలి. రంగంలో ఆడవాళ్ళు తనకా అనే చెట్టు బెరడు సాన మీద అరగదీసి ముఖానికి రాసుకునేవారని కొడుకు గుర్తుచేసుకున్నాడు. మనకి తనకా ఎక్కడ దొరుకుతుంది? దేవుడి గదిలో ఉన్న గంధం చెక్క, సాన ఇచ్చారు. మొదటి రోజు ఆవిడ సాన మీద నాలుగు చుక్కల నీళ్ళు వేసి, చెక్కని గుండ్రంగా తిప్పుతూ అరగదీసి, రెండు వేళ్ళతో తీసి కోడలి రెండు బుగ్గలకీ గుండ్రంగా రాశారు. గోదావరి జిల్లాల్లో గంధం అలా ఎవరూ రాయరు. కోడలు ఆ గంధం కడుక్కోకుండానే నాకు వీడియో కాల్ చేసింది.

కొడుకు గురించి కూడా రాయాలి. ఆయన పేషెంటు కాదు, కానీ నాలుగుసార్లు ఒక్కడే వచ్చాడు. ఎనిమిదేళ్ళ పిల్లాడిగా తల్లిని చూసి సిగ్గుపడినందుకు ఆయనకి తనమీద తనకి కోపం. దానికి మందు లేదు. ఒక సాయంత్రం తల్లి గంధం తీస్తుంటే పక్కన కూర్చుని, "అమ్మా, రేవులో నువ్వు అబద్ధం ఆడలేదు. అవి నీవే" అన్నాడట. ఆవిడకి ఎంత అర్థమైందో తెలీదు. "నీకు గంధం రాయనా?" అని అడిగారట.

2023 జూలై ఆఖర్లో గోదారి మళ్ళీ పెరిగి ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక ఇచ్చారు. ఈసారి మైకు వచ్చేదాకా ఆగలేదు. మొదటి హెచ్చరిక నాడే, పగటి వెలుగులో, కారులో రాజమండ్రిలో ఉన్న మనవరాలి ఇంటికి తీసుకెళ్ళారు. ఆధార్ కార్డు కొడుకు జేబులో. చింతపండు జాడీ ఆవిడ ఒళ్ళో. ఆ వారంలో ఒక్క రాత్రి మాత్రం లేచి కూర్చున్నారు. కేక లేదు.

ఇది రాసే నాటికి వారంలో రెండు మూడు సాయంత్రాలు మూట కడుతున్నారు. బియ్యం రెండు గుప్పెళ్ళు, గిన్నె, ఫోటో. కోడలు ఈమధ్య అందులో తన పాత చీర కూడా ఒకటి పెడుతోంది. ఎందుకని అడిగితే, "నన్నొదిలేసి వెళ్ళరు కదండి" అంది.